మా చిన్నత్త ఒక్కతే

మొన్న ఉదయం గ్రామ సచివాలయం నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి సర్వేకి వచ్చింది. చేతిలో ట్యాబు, భుజానికి సంచి, ఎండకి తలమీద చున్నీ. నా దగ్గరే అయిదో తరగతి చదివిన పిల్ల. కుర్చీ వేసి మంచినీళ్లిస్తే గటగటా తాగి, ఇల్లు పెంకుదా స్లాబుదా, కుళాయి ఉందా, ఎంతమంది ఉంటారు అని ఒక్కొక్కటే అడుగుతూ వేలితో నొక్కుకుంటూ పోతోంది. "మతం ఏటి రాయమంటారు మాస్టారూ?" అంది తలెత్తకుండానే. నేను "క్రైస్తవులం" అన్నాను. వంటింట్లో మా ఆవిడ గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి మాత్రం ఒక నొక్కు నొక్కి, "గ్యాసు సిలిండరా, కట్టెల పొయ్యా?" అంటూ తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. నలభై ఏళ్లుగా నా గొంతులో అడ్డంగా కూర్చున్న మాట ఆ పిల్లకి గ్యాసు సిలిండరు కంటే చిన్న సంగతి. ఆమె వెళ్లాక కూడా నేను వరండాలోంచి లేవలేకపోయాను. మా చిన్నత్త గుర్తొచ్చింది.

చిన్నత్త అంటే మా నాన్నకి ఆఖరి చెల్లెలు. నాకంటే మూడేళ్లే పెద్ద. పలాసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానం జీడితోటల్లో ఉంటుంది మా ఊరు. తాతల నాడే బాప్టిస్టు మిషను వాళ్ల మాట విని ప్రభువుని నమ్ముకున్న పేట మాది. పేట చివర పెంకుల చర్చి, దాని పక్కన వేపచెట్టుకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అదే మా గంట. చిన్నత్తకి భక్తి అంటే పెద్దగా కేకలు వేసి ప్రార్థన చెయ్యడం కాదు. నిజానికి ఆవిడ ప్రార్థన చేస్తే పక్కనున్న మనిషికి కూడా వినపడేది కాదు. పొద్దున్న ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది. ఆ కుండ ఆదివారం చర్చికి వెళ్లేది. బియ్యం తక్కువైన రోజుల్లో మా నాయనమ్మ, "ఇయ్యాలకి మానీవే, మనకే సాలవు" అని గొణిగేది. "ముందు ఆయనది తీసీసి తరవాత సాలవని ఏడుద్దాం లేవే అమ్మా" అనేది చిన్నత్త నవ్వుతూ. తీసేది మాత్రం తీసేసేది.

పదో తరగతి పాసై కూడా ఆవిడ పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్లేది. కాల్చిన గింజలు కొట్టి పప్పు తియ్యడం పని. ఆ గింజల పెచ్చులోంచి కారే నూనె చేతికి తగిలితే చర్మం మాడి నల్లబడిపోతుంది. చేతులకి ఎంత ఆముదం రాసుకున్నా ఆవిడ వేళ్ల చివరలు ఎప్పుడూ బొగ్గుల్లాగే ఉండేవి. పని చేసే ఆడవాళ్లు మేస్త్రి చూడనప్పుడు ఒకటో రెండో బద్దలు నోట్లో వేసుకోవడం మామూలే. మేస్త్రి కూడా చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. చిన్నత్త మాత్రం వేసుకునేది కాదు. ఎవరూ చూడడం లేదు కదా అంటే, "సూసేవోడు సూత్తానే ఉన్నాడు గదా" అనేది. అలా ఏళ్ల తరబడి జీడిపప్పులోనే బతికి దాని రుచి తెలియని మనిషి ఉద్దానంలో ఆవిడొక్కతే అయ్యుంటుంది. నాకు మొదటి జీతం వచ్చినప్పుడు సరదాకి పావుకిలో జీడిపప్పు గుండ్లు కొని తీసుకెళ్లి పెట్టాను. ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "ఇదేట్రా ఇంత సప్పగున్నాది? దీనికోసమేనా మావోళ్లందరూ అంత ఇదై పోతారు?" అని మిగిలినవి పిల్లలకి పంచేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పేటలో అందరం ఆదివారం క్రైస్తవులం, కాగితం మీద హిందువులం. చట్టం ప్రకారం మతం మారితే ఎస్సీ సర్టిఫికెట్టు ఉండదు. సర్టిఫికెట్టు లేకపోతే హాస్టలు లేదు, ఫీజు లేదు, ఉద్యోగం లేదు. అందుకని బళ్లో వేసేటప్పుడే ప్రతి బిడ్డకీ ఒక రికార్డు పేరు, ఇంట్లో ఇంకో పేరు. మా పెద్దమ్మాయి ఒకటో తరగతిలో హాజరు పిలిస్తే పలికేది కాదు, అది ఎవరి పేరో అనుకుని పక్కపిల్లలకేసి చూసేది. ఆ రెండు పేర్ల బతుకు మాకు అలవాటైపోయింది. ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవారు కాదు. అడగనంతకాలం అది అబద్ధం అని కూడా మాకు తోచేది కాదు.

అడిగే రోజు నాకు ఇరవై మూడో ఏట వచ్చింది. అప్పటికి నాకు టీచరు ఉద్యోగం వచ్చి ఏడెనిమిది నెలలు. చిన్నత్తకి నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. ట్రైనింగు పూర్తయితే సర్కారు ఉద్యోగం ఖాయం. ఫ్యాక్టరీలో తోటి ఆడవాళ్లు ఆవిడ చేతులు పట్టుకుని, "ఇంక ఈ సేతులు తెల్లబడతాయి" అని ఏడ్చారట. మా నాన్న సంతోషం పట్టలేక చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించాడు. ఆ కూడికే కొంప ముంచిందో ఏమో, నెల తిరక్కుండా ఎవరో పై అధికారులకి ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఈమె క్రైస్తవురాలు, సర్టిఫికెట్టు చెల్లదు అని. విచారణకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది.

ఆ వారం రోజులు మా ఇల్లు ఇల్లులా లేదు. గోడమీద వాక్యం క్యాలెండరు తీసేశారు. బైబిళ్లన్నీ గోనెసంచిలో కట్టి పశువుల సాలలో గడ్డికింద పెట్టారు. నాన్న సంఘ పెద్ద. ఆదివారం అందరికంటే ముందు వెళ్లి చర్చి తలుపు తీసే మనిషి. ఆయనే ఇల్లిల్లూ తిరిగి, అడిగితే ఇలా చెప్పండి అని బతిమాలి వచ్చాడు. అసలు భయం చిన్నత్త సీటు కాదు, నా ఉద్యోగం. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఇంటిపేరు, ఒకేలాంటి సర్టిఫికెట్టు. ఆవిడది పోతే నాది ఎంతసేపు? ఆ మాట ఎవరూ పైకి అనలేదు గాని అన్నం తింటున్నప్పుడు అందరి కళ్లూ ఆవిడమీదే. చివరికి పాస్టరుగారిని పిలిపించారు. ఆయన మంచివాడు, పిల్లలున్నవాడు. "తల్లీ, దేవుడు హృదయం చూస్తాడు. కాగితం చూడడు" అన్నాడు. చిన్నత్త తల దించుకునే, "కాగితం సూడడు అయ్యగారూ, నిజమే. నన్ను అడిగినప్పుడు నానేటి సెప్పినానో అది సూత్తాడు గదా" అంది. పాస్టరుగారు టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

నాన్న మాత్రం పట్టలేకపోయాడు. "నీ ఒక్కదాని భక్తి కోసం ఇంటిల్లిపాదినీ ముంచీసేత్తావా?" అని అరిచాడు. ఆవిడ ఏడ్చింది. వారం రోజులూ ఏడుస్తూనే ఉంది. ధైర్యవంతులు ఏడవరని పుస్తకాల్లో చదువుకున్నవాణ్ణి నేను. ఆవిడ ఏడుస్తోంది కాబట్టి లొంగిపోతుందిలే అనుకున్నాను.

విచారణ మా ఊరి ఎలిమెంటరీ బడి వరండాలో జరిగింది. ఆర్ఐ గారు బల్లకుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కర్కోటకుడైతే మాకు తేలికగా ఉండేది. తిట్టుకునేవాళ్లం. ఆయన ముసలాయన, దయగల మనిషి. చిన్నత్త చేతులకేసి ఒకసారి చూసి కళ్లు తిప్పుకున్నారు. "అమ్మా, ఇలాంటి ఉత్తరాలు రోజూ వస్తాయి. నేను చర్చికి వెళ్లను అని ఒక్క ముక్క చెప్పు. రాసుకుని ఫైలు మూసేస్తాను. నీ బతుకు నువ్వు బతుకుతావు" అన్నారు. ఆయన మళ్లీ అడిగారు. మూడోసారి కలం బల్లమీద పెట్టేసి, రాసుకోనులే చెప్పు అన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నారు. అప్పుడంది, "నాను యేసుప్రభువు బిడ్డని బావూ. మీరు మంచోరు, నా మంచికే సెప్తన్నారు. గాని నేదని నాను అన్లేను. నాకు నోరు రాదు." ఆయన నిట్టూర్చి కలం తీసుకున్నారు. "అలాగైతే మతం మారినవాళ్లకిచ్చే బీసీ-సీ సర్టిఫికెట్టు వస్తుంది. కాని ఈ సీటు ఆ కోటాలో లేదమ్మా. తెలుసా?" అన్నారు. "తెలుసు బావూ" అంది.

"మరి మీ ఇంట్లో మిగిలినవాళ్లు?" అని ఆయన అడిగారు. చిన్నత్త నాకేసి చూడకుండానే, "నా సంగతి నాను సెప్పినాను. ఆళ్ల సంగతి ఆళ్లనే అడగండి" అంది. ఆయన నావైపు తిరిగారు. "మాస్టారూ, మీరూ చర్చికేనా?"

మా పేటలో చర్చిని కూడా గుడి అనే అంటారు. ఆదివారం గుడికెళ్లావా అంటే చర్చికెళ్లావా అనే అర్థం. ఆ సంగతి నాకు తెలుసు, ఆర్ఐ గారికి తెలియదు. "నేను గుడికెళ్తాను సార్" అన్నాను. "అంటే ఈ అమ్మాయి ఒక్కతే మారిందన్నమాట" అన్నారాయన, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. నేను తల ఊపాను. ఆయన రాసిన దాని కింద నా సంతకం తీసుకున్నారు. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ట్రైనింగు కాలేజీలో పేరు. ఆ రోజు కూడా ముత్యాల్లాగే పడింది. ప్రభువుని ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురుకి కోడైనా కూసింది. మా ఊళ్లో ఆ నెల కోళ్లకి తెగులొచ్చి కూయడానికి ఒక్కటీ మిగల్లేదు. ఇంటికి వస్తుంటే దారిలో చిన్నత్త ఒకే ఒక్క మాట అడిగింది. "పొద్దుట్నించీ ఏటీ తిన్లేదు గదరా, ఆకలేత్తందా?"

ఆవిడ సీటు పోయింది. పై సోమవారం మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లి గింజల ముందు కూర్చుంది. మరుసటేడు కంచిలి వైపు కొబ్బరి దింపు తీసే మనిషిని పెళ్లి చేసుకుని, కొన్నాళ్లకి ఇద్దరూ మా పేటకే వచ్చి స్థిరపడ్డారు. నా ఉద్యోగం మిగిలింది. మిగిలింది అని అందరూ అన్నారు. కాని నేను సంతకం పెట్టిన కాగితం ఏం చెబుతోంది? ఆ ఇంట్లో చిన్నత్త ఒక్కతే క్రైస్తవురాలని. ఇక మేమెవరం ఆ చర్చి గుమ్మం తొక్కినా ఆ కాగితం అబద్ధమైపోతుంది. నాన్న ముందు అది అర్థం చేసుకున్నాడు. ఆ ఆదివారం నుంచి తలుపు తీసే పని ఇంకొకరికి అప్పజెప్పి, సరిగ్గా ఆరాధన వేళకి గొడ్లని తోలుకుని చర్చి వెనక బీడులోకి వెళ్లేవాడు. కిటికీలోంచి పాటలు వినపడే దూరం అది. గడ్డి ఉన్నా లేకపోయినా ఆదివారం మేత అక్కడే. మా గొడ్లకి ఆ పాటలన్నీ వచ్చేసి ఉండాలి. నేను పరిహాసంగా అలా అంటే ఒకసారి నాన్న నవ్వలేదు. "ఆటికి లోనికెల్లడానికి అడ్డం నేదురా" అన్నాడు.

నాకు ఆ పాటలు వినే దూరం కూడా లేదు. మందస, సోంపేట, కంచిలి, ఎక్కడికి బదిలీ అయితే అక్కడ నేను పని చేసే ఊరి చర్చికి వెళ్లకూడదు. మూడు నెలలకో నాలుగు నెలలకో ఏదో పనున్నట్టు బస్సెక్కి టెక్కలి వెళ్లి, తెలియని మనుషుల మధ్య, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా ఆఖరి బెంచీమీద కూర్చునేవాణ్ణి. బారువ సముద్రంలో పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నవాణ్ణే. అయినా ప్రభువు బల్ల దగ్గరికొచ్చేసరికి, రొట్టె ముక్కల పళ్లెం నా వరస దాకా రాకముందే లేచి బస్సుకి వెళ్లిపోయేవాణ్ణి. బళ్లో సరస్వతీ పూజకి తోటి టీచర్లు ప్రేమగా, "కొబ్బరికాయ మీరే కొట్టండి మాస్టారూ" అనేవారు. వాళ్లది నమ్మకం, నాది నటన. వాళ్ల పూజనీ నా దేవుణ్ణీ ఒకేసారి మోసం చేస్తున్నానని కాయ కొట్టిన ప్రతిసారీ అనిపించేది. కాయ రెండు చెక్కలుగా పగిలితే అందరూ చప్పట్లు కొట్టేవారు. మా ఆవిడకి చర్చి అంటే ప్రాణం. పాపం, ఇంట్లో పాట వచ్చినప్పుడల్లా ముందు కిటికీ వేసి వచ్చి పాడేది.

ఆ నడుమ నాన్న పోయాడు. ఆ రోజే నాకు అన్నిటికంటే గట్టిగా ఉచ్చు బిగిసింది. మా హెడ్‌మాస్టరు, టీచర్లు, పూలదండ పట్టుకుని అందరూ వచ్చారు. నేను పాస్టరుగారికి కబురు చెయ్యొద్దన్నాను. సంఘంలో వాళ్లు దూరంగా వేపచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముప్పై ఏళ్లు వాళ్లకి తలుపు తీసిన మనిషిని మొయ్యడానికి వాళ్లకి నా అనుమతి కావాల్సి వచ్చింది. ఊరి శ్మశానంలోనే గొయ్యి తీశారు. మట్టి వెయ్యబోతుంటే చిన్నత్త ముందుకొచ్చింది. వినపడకుండా ప్రార్థన చేసే మనిషి ఆ రోజు అందరికీ వినపడేలా చేసింది. "ప్రభువా, మాయన్న నీ ఇంటి ఎనకాల ఇన్నేళ్లు నిలబడిపోనాడు. ఇప్పుడైనా లోనికి పిల్సుకో" అంది. నేను తల దించుకుని, ఎవరు వింటున్నారో, ఎవరు రాస్తారో అని చెమటలు కక్కాను. కన్నతండ్రి గోతి పక్కన నిలబడి నేను ఆలోచించింది అది. తర్వాత ఏడాదిపాటు పోస్టుమాన్ సైకిలు గంట వినపడితే ఎవరికంటే ముందు నేనే గుమ్మంలోకి పరిగెత్తేవాణ్ణి. ఏ ఉత్తరమూ రాలేదు. మా హెడ్‌మాస్టరు మాత్రం ఒకరోజు టీ తాగుతూ, "మీ మేనత్తగారు ఎంత బాగా ప్రార్థన చేశారండీ" అన్నాడు. అంతే. ఆయనకి ఎప్పట్నుంచో తెలుసు. అందరికీ తెలుసు. అయినా నేను బయటికి రాలేదు. ఇంకా ఇంత సర్వీసుంది, పెద్దమ్మాయి చదువుంది, చిన్నమ్మాయి పెళ్లుంది. ఎప్పుడూ ఏదో ఒకటి ఉంది.

నేను రిటైరయ్యేనాటికి చిన్నత్తకి మా ఉద్దానం జబ్బు వచ్చేసింది. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. మావయ్య అప్పటికే లేడు. నేనే ఆటోలో తీసుకెళ్లేవాణ్ణి. నాలుగు గంటలు ఆ మెషీను పక్కన మంచంమీద కదలకుండా పడుకోవాలి. పక్కమంచం మనిషి భయపడుతుంటే ఆవిడే చెయ్యి చాపి పట్టుకునేది. ఆ చేతివేళ్లు తెల్లబడలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, ఆ రోజు ఆర్ఐ గారితో నా సంగతి కూడా నువ్వే చెప్పేసి ఉంటే నేను ఇన్నేళ్లు ఇలా దాక్కునేవాణ్ణి కాదు కదా. ఎందుకు చెప్పలేదు?" "నాను సెప్తే నీ ఉద్యోగం పోయేది గాని నీకు దేవుడొచ్చేవోడేట్రా? అది నువ్వే సెప్పాల. నీ నోటికోసం కాసుకోనున్నాను" అంది. మళ్లీ తనే, "రేపాదివారం వత్తావా మరి?" అంది.

వెళ్లాను. ఆటో దిగి, ఆవిడ చెయ్యి పట్టుకుని, మా నాన్న తలుపు తీసిన చర్చిలోకి దాదాపు నలభై ఏళ్ల తర్వాత పట్టపగలు నడిచాను. పెంకులు పోయి స్లాబు వచ్చింది. మైకులొచ్చాయి. పాస్టరు కుర్రవాడు, వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు. నన్ను చూసి ఎంతో మర్యాదగా, "పెద్దలు మాస్టారుగారు ఈ రోజు మన మధ్యకి అతిథిగా వచ్చారు. వారికి స్వాగతం చెబుదాం" అని చప్పట్లు కొట్టించాడు. పిల్లలు స్వాగతం పాట ఎత్తుకున్నారు. మా తాత మట్టి మోసి కట్టిన చర్చిలో నేను అతిథిని. నిలబడాలో కూర్చోవాలో తెలియలేదు. కాళ్లు ద్వారం వైపు లాగాయి, అలవాటు కదా. అంతలో ఆడవాళ్ల వైపు నుంచి చిన్నత్త, బెంచీ పట్టుకుని మెల్లగా లేచింది. "అతిథి గాదయ్యగారూ. మావోడే. రావడమే ఆలిస్సమయినాది" అంది. పాట ఆగిపోయింది. ముసలివాళ్లు ఎవరో నవ్వారు, ఎవరో కళ్లు తుడుచుకున్నారు. "అవునండీ, నేను ఈ సంఘం వాణ్ణే" అన్నాను. రొట్టె పళ్లెం వచ్చింది. ఆ రోజు నాకు ఏ బస్సూ లేదు. తీసుకున్నాను.

పోయిన వానాకాలం చిన్నత్త వెళ్లిపోయింది. చర్చి మనుషులందరం పాడుకుంటూ తీసుకెళ్లాం. ఈసారి ముందు వరసలో నేనే ఉన్నాను. ఇప్పుడు ఊళ్లో కొందరు నన్ను, ఆ వయసులో ఎంత ధైర్యంగా బయటపడ్డాడో అని మెచ్చుకుంటారు. వాళ్లకి ఏం చెప్పను? ఇరవై ఆరేళ్ల వయసులో, బతుకంతా ముందున్నప్పుడు, ఆ బడి వరండాలో చిన్నత్త చెప్పిన మాటనే నేను పెన్షను చేతికొచ్చాక చెప్పాను. కాలం నాకు ధైర్యం ఇవ్వలేదు, భయపడాల్సిన కారణాలను ఒక్కొక్కటిగా పట్టుకుపోయింది. ధైర్యం రావడమూ భయం తీరడమూ ఒకటేనని మాత్రం చాలా ఏళ్లు నన్ను నమ్మించింది.